నిలకడకు కొలత ఉంది, మాటే లేదు

సముద్రం చూడని ఆసిఫాబాదు వాడికి ఓడల శాస్త్రం ఎందుకని ఆక్షేపించే మిత్రులు కొందరున్నారు. ‘మెటాసెంట్రిక్ హైట్’ వంటి మాటలను తెలుగు లిపిలో రాసుకుంటే చాలునని, వాటికి తెలుగు వెతకడం పండితుల కాలక్షేపమని వారి వాదం. ఆ వాదాన్ని నేను అంగీకరించను.

మాకు సముద్రం లేదు, నిజమే. ప్రాణహిత ఉన్నది. తుమ్మిడిహెట్టి వద్ద వార్ధా, వైన్‌గంగలు కలిసి ఏర్పడే ఆ నదికి ఇవతలి ఒడ్డు మనది, అవతలి ఒడ్డు మహారాష్ట్రది. బంధుత్వాలు మాత్రం రెండు ఒడ్లకూ ఉన్నవి. తరతరాలుగా ఆ రాకపోకలను మోసినవి నాటుపడవలు. 2019 డిసెంబరులో చింతలమానేపల్లి మండలం గూడెం వద్ద అటువంటి పడవ బోల్తాపడి ఇద్దరు అటవీ ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. అదే సంవత్సరం సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. మృతులలో వరంగల్లు దగ్గరి కడిపికొండ వారు కూడా ఉన్నారు. అంతకుముందు 2017 నవంబరు 12న, కార్తిక ఆదివారం నాడు, విజయవాడ వద్ద కృష్ణలో జరిగిన ప్రమాదం 20 మందికి పైగా బలిగొన్నది.

ఇటువంటిది జరిగిన ప్రతిసారీ మనకు వినిపించే వాక్యాలు రెండే. ఒకటి, ‘పడవ అదుపు తప్పింది’. రెండవది, ‘పరిమితికి మించి ఎక్కించారు’. మొదటిది కారణం కాదు, ఫలితం. రెండవది సగం సత్యం. వరద, సుడులు, ఇసుకమేటలు కారణాలు కావని నేననను. కాని ఏ పడవ ఎంత ఒరుగును తట్టుకుని మళ్ళీ లేవగలదో ముందుగానే తెలిపే కొలత ఒకటి ఉన్నది. తలలు లెక్కపెడితే అది తెలియదు. అదే యాభై మంది అడుగున కూర్చుంటే ఒక లెక్క, పైఅంతస్తులో నిలబడితే మరొక లెక్క.

ఆ కొలత ఇది. పడవ బరువంతా కిందికి లాగే చోటు గరిమనాభి. నీరు పైకి నెట్టే చోటు ఉత్ప్లవన కేంద్రం. పడవ కొద్దిగా ఒరిగినప్పుడు ఉత్ప్లవన కేంద్రం ఒరిగిన వైపుకు జరుగుతుంది. అక్కడినుంచి నిలువుగా గీసిన గీత పడవ మధ్యగీతను తాకే బిందువే మెటాసెంటర్. గరిమనాభికి ఆ బిందువు ఎంత ఎత్తున ఉన్నదో అదే మెటాసెంట్రిక్ హైట్. బిందువు పైన ఉంటే, ఒరిగిన పడవ తిరిగి నిటారవుతుంది. కిందికి దిగజారితే, నిటారుగా నిలబడలేక ఒరిగిపోతుంది, బోల్తా కూడా పడవచ్చు. జనం లేచి నిలబడితే గరిమనాభి పైకి పోయి ఆ ఎత్తు తరుగుతుంది. అడుగున చేరిన నీరు అటూ ఇటూ పారాడినా తరుగుతుంది.

దీనిని కొలవడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. దారానికి బరువు కట్టి పడవలో వేలాడదీయండి. మొత్తం 10 టన్నులున్న పడవలో 250 కిలోల బరువును అడ్డంగా 2 మీటర్లు జరపండి. పడవ 5 డిగ్రీలు ఒరిగితే ఆ ఎత్తు 57 సెంటీమీటర్లు. 10 డిగ్రీలు ఒరిగితే 28 మాత్రమే. పదవ తరగతి త్రికోణమితి దీనికి చాలును.

1628 ఆగస్టు 10న స్వీడన్ దేశపు ‘వాసా’ యుద్ధనౌక మొదటి ప్రయాణంలోనే, కిలోమీటరున్నర కూడా పోకముందే, స్టాక్‌హోం రేవులో మునిగిపోయింది. అంతకుముందే 30 మంది నావికులను దానిపై ఒక ప్రక్కనుంచి మరొక ప్రక్కకు పరుగెత్తించి చూశారు. ఓడ ప్రమాదకరంగా ఊగడంతో ఆ పరీక్షను ఆపివేశారు. అయినా ఓడను పంపారు. ఊగడం కంటికి కనిపించింది గాని, ఎంత ఊగితే ఆపవలెనో చెప్పే కొలత వారికి లేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ బూగే 1746లో తన నౌకాగ్రంథంలో ఈ బిందువుకు పేరు పెట్టి లెక్క కట్టేవరకు మరి 118 సంవత్సరాలు పట్టింది. వారికి కొలత లేక ఓడ మునిగింది. మనకు కొలత ఉండీ, దానిని పదిమందీ పలుకగల మాట లేదు.

ఇక రెండవ పక్షం, మా పండిత పక్షం. ఎనిమిది అక్షరాల సంస్కృత సమాసం అల్లి నిఘంటువులో పడుకోబెట్టడంతో బాధ్యత తీరిందనుకునే పక్షం. అటువంటి సమాసం కట్టడం నాకు రాక కాదు. సరంగు నోట పలకని మాట పడవను కాపాడదు.

మన భాషకు ఈ విషయం కొత్త కాదు. ‘సంగడి’ అంటే జత, స్నేహం. జోడించి కట్టిన రెండు దోనెలకు కూడా అదే పేరు. క్రీస్తుశకం మొదటి శతాబ్దినాటి గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ మన తూర్పుతీరంలో దుంగలు కలిపి కట్టిన పెద్ద పడవలను ‘సంగర’ అన్నది. రెండు దోనెలు ఎందుకు కలిపారు? వెడల్పు పెరిగితే నిలకడ పెరుగుతుంది గనుక. పెట్టె ఆకారపు పడవకు లోతు మారకుండా వెడల్పు రెండింతలైతే, ఉత్ప్లవన కేంద్రం నుంచి మెటాసెంటర్ ఎత్తు నాలుగింతలవుతుంది. బూగే రాసిన లెక్క తెలియకపోయినా దాని ఫలితం మన పూర్వులకు తెలుసు.

అందుచేత నా ప్రతిపాదన ఇది. ఆ బిందువును ‘నిలకడ బిందువు’ అని, ఆ కొలతను ‘నిలకడ ఎత్తు’ అని అందాము. ఇంతకన్న మంచి మాట ఎవరు చెప్పినా తలవంచి స్వీకరిస్తాను. పేరుకన్న ముఖ్యం దాని వాడుక. ప్రతి ప్రయాణపు పడవ మీద ఎందరు ఎక్కవచ్చునో రాసినట్టే, పైఅంతస్తులో ఎందరికి మించరాదో కూడా రాయాలి. నిలకడ ఎత్తు ఎంతో, ఏ తేదీన కొలిచారో అక్కడే తెలుగులో కనిపించాలి. ప్రమాదం జరిగినప్పుడు ‘అదుపు తప్పింది’ అని సరిపెట్టే విలేకరిని, ‘దాని నిలకడ ఎత్తు ఎంత?’ అని పాఠకుడు నిలదీయగలగాలి. తెలియనివాడు ప్రశ్నించలేడు. మాట లేనివాడికి తెలిసినా ప్రశ్నించలేడు.