ఎముక తీసి చేతులు దులుపుకుంటే చాలదు

"కట్టేసి ఉంచండి, కదలనివ్వకండి." కుక్క తుంటి ఎముక తీసే ఆపరేషన్ అయ్యాక మందుల చీటీతో పాటు యజమాని చేతికి వచ్చే సలహా చాలాచోట్ల ఇంతే. విరిగిన కాలికి రాడ్డు వేసినప్పుడు ఆ మాట సరైనదే, అక్కడ ఎముక అతుక్కోవాలి. ఇక్కడ అతుక్కోవాల్సింది ఏముంది? తొడ ఎముక తలను, మెడను కోసి తీసేశారు. ఆ ఖాళీలో పీచులాంటి కణజాలం పెరిగి, చుట్టూ ఉన్న కండరాలు దాన్ని పట్టి నిలిపితే ఒక దొంగ కీలు ఏర్పడుతుంది. అది కదలికలోనే తయారవుతుంది. కదలనివ్వని కాలిలో ఆ పీచు బిగుసుకుపోతుంది, తొడ కండ కరిగిపోతుంది, కాలు వెనక్కి చాపడం రాదు. మూడు కాళ్ల మీద గెంతడం అలవాటైన కుక్క నాలుగోదాన్ని మోపడం మానేస్తుంది. అప్పుడు నింద ఆపరేషన్ మీద పడుతుంది, లేదంటే కుక్క మీద.

ఈ శస్త్రచికిత్స కొత్తదేం కాదు. సూక్ష్మజీవుల్ని చంపే మందులు లేని రోజుల్లో ఇంగ్లండ్ డాక్టరు గర్డిల్‌స్టోన్ చీముపట్టిన మనుషుల తుంటి కీళ్లలో ఎముక తల తీసేసే పద్ధతికి పేరు తెచ్చాడు. 1961లో స్ప్రూల్ అనే పశువైద్యుడు దాన్ని కుక్కల తుంటి జబ్బులకు వివరించాడు. అరవై ఏళ్లు దాటింది. బండి గుద్ది కీలు తప్పిన కుక్కకు, తొడ ఎముక మెడ విరిగిన కుక్కకు, రక్తం అందక ఎముక తల కుళ్లిన పొమరేనియన్ పిల్లకు, ఎదిగే వయసులో తుంటి గిన్నె లోతుగా తయారుకాని లాబ్రడార్‌కు మన దగ్గర అందుబాటులో ఉన్న దారి తరచుగా ఇదే. కృత్రిమ కీలు వేయించగలవాళ్లు ఎందరు? కాబట్టి ఈ ఆపరేషన్ ఆపమని ఎవరూ అడగడం లేదు, పూర్తిగా చేయమంటున్నాం. (కీలు తప్పి ఒకటి రెండు రోజులే అయితే, ఎముక విరగకపోతే, ముందు మత్తిచ్చి ఎక్కించి చూడాలి. దాదాపు సగం మళ్లీ జారిపోతాయి. నిజమే, నిలిచేవి కూడా సగం ఉన్నాయి కదా.)

పూర్తిగా చేయడం కోతతోనే మొదలవుతుంది. కాలిని బయటికి తిప్పి మోకాలి చిప్ప పైకప్పును చూసేలా పట్టుకోవాలి. అప్పుడే ఎముక మెడ కళ్లకు సరిగా దొరుకుతుంది. బయటి పెద్ద బుడిపె లోపలి అంచు నుంచి లోపలి చిన్న బుడిపెకు కాస్త పైదాకా కోత సాగాలి. కాలు సగమే తిప్పితే ఉలి వంకరగా దిగి, మెడ వెనకవైపున ఒక మొన మిగులుతుంది. ఆ మొన అడుగడుగునా గిన్నె అంచుకు రాసుకుంటుంది. ఎముకకు ఎముక రాపిడి తప్పించడానికి చేసిన పనిలో అదే రాపిడి మిగిలిపోతుందన్నమాట. వెనకగా పోయే తుంటి నరాన్ని కాపాడుకోకపోతే పాదమే వాలిపోతుంది. కోత పక్కన కండ ముక్క దూర్చాలా వద్దా అని పండితులు వాదించుకుంటారు, దూర్చినందువల్ల స్పష్టమైన లాభం తేలలేదు. మొన మిగలడం గురించి మాత్రం వాదనే లేదు, అది తప్పు. కుట్లు వేశాక ఒక ఎక్స్‌రే తీస్తే ఆ మొన కనిపిస్తుంది, మత్తు దిగకముందే సరిచేయవచ్చు. ఆ ఒక్క ఫిల్మే ఎందుకు తీయరు? ఆపరేషన్‌కు ముందు జబ్బు తేల్చింది ఎక్స్‌రేతోనే కదా. అంటే యంత్రం ఉంది. తప్పు కనిపిస్తుందన్న జంకు తప్ప మరో కారణం తోచడం లేదు.

ఇక బోను సంగతి. దెబ్బ తిన్న వీధి కుక్కను ఎవరో పుణ్యాత్ములు తెచ్చి చేరుస్తారు, చందాలు పోగవుతాయి, ఆపరేషన్ అవుతుంది, ఫొటో వస్తుంది. ఆ తర్వాత కుక్క తిరగడానికి కూడా చోటు లేని ఇనుప బోనులో వారాలు. కదలడానికి తగినంత చోటు లేని బోనులో జంతువును ఉంచడం నేరమని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం చెబుతోంది. దయ పేరుతో ఆ నేరాన్నే చేస్తూ దానికి విశ్రాంతి అని పేరు పెట్టడం ఇక చాలు. చేయాల్సింది తెలిసిందే: మొదటి రెండు మూడు రోజులు మంచు కాపడం, ఆ వెంటనే రోజుకు కొన్నిసార్లు కాలిని మెల్లగా ముడిచి చాపడం, గొలుసు పట్టుకుని నెమ్మదిగా నడిపించడం. నెమ్మదిగా అన్నమాట ముఖ్యం, వేగంగా లాగితే కుక్క కాలెత్తి గెంతుతుంది. పది పద్నాలుగు రోజులకు కుట్లు తీశాక ఏటవాలు దారి, మెట్లు, వీలుంటే ఈత. రెండు వారాలకు వేలికొనలైనా నేలకు తగలకపోతే మళ్లీ డాక్టరుకు చూపించాలి. నొప్పి తగ్గకుండా ఏ కుక్కా కాలు మోపదు, కాబట్టి కుక్కలకు తగిన నొప్పి మందు డాక్టరే రాయాలి. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ మాత్ర వేస్తే కడుపులో పుండ్లు పడతాయి.

వీధి కుక్కకు వ్యాయామమా అని నవ్వేవాళ్లున్నారు. నెమ్మదిగా నడిపించడానికి గొలుసు, పావుగంట తీరిక చాలు. కుక్క మూడు కాళ్లతో బతకలేదా అంటారు. బతుకుతుంది, అలా బతకడానికైతే దాని తుంటి కోయడం దేనికి? 20 కిలోలు దాటిన కుక్కలకు ఫలితం తగ్గుతుందన్న అభ్యంతరం మాత్రం నిజం. అందుకే బరువైన కుక్కకు ఈ శ్రమ ఇంకా ఎక్కువ పడాలి, ఒళ్లు తగ్గించాలి, ఆ సంగతి కత్తి పట్టకముందే యజమానికి చెప్పాలి.

మేం అడిగేవి మూడు కాగితాలు: ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే, రోజువారీ వ్యాయామం రాసిన తెలుగు చీటీ, మళ్లీ చూపించాల్సిన తేదీలు. నేర్పే చోటే ఇది మొదలవ్వాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు వీటిని నియమంగా పెడితే, అక్కడ చదివి ఊళ్లకు వెళ్లే డాక్టర్లు వాటినే అలవాటు చేసుకుంటారు. అందాకా యజమానులు, కుక్కల్ని చేరదీసేవాళ్లు బిల్లు కట్టేముందు ఆ మూడు కాగితాలూ అడగాలి. ఇవ్వనన్న చోట కారణం కాగితం మీద రాసిమ్మనాలి.