అమ్మును కొయ్యడానికి అంత తొందరెందుకు?

విడిచిన బాణం వెనక్కు రాదని పెద్దలంటారు. కోసిన బాణం మళ్ళీ పెరగదన్న మాటను కూడా ఆ పక్కనే చేర్చుకోవలసిన కాలం వచ్చింది.

2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే ఊరి బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. ఇవి చూసిన పిల్లలకు విల్లు పట్టాలనిపించడం సహజం. అయితే గౌతమి గట్టున ఉన్న మా వాడపల్లి వంటి ఊళ్ళో బాణాలు కోసిపెట్టే దుకాణం ఎక్కడుంటుంది? నిడుపాటి కార్బన్ కాడలు తెప్పించుకుని ఇంట్లోనే కొలతకు కోసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

ఇంట్లో కొయ్యడం తప్పని నేననను. పిల్లల బాణాలను పొట్టిగా కొయ్యడమే తప్పంటాను.

మా ఊరి వేంకటేశ్వరుడు చందనపు కొయ్యలో కొలువైన స్వామి. కొయ్య స్వభావం తెలిసిన ఊరు మాది. కార్బన్ కొయ్య కాదు. సన్నని నూలుపోగుల వంటి కార్బన్ దారాలను జిగురుతో బంధించి చేసిన గొట్టమది. ఇనుపకోత రంపం పెడితే కొస పీచులు లేస్తుంది. పైపులు కోసే కత్తెర పెడితే గొట్టం నలిగి, కంటికి కనబడని పగులు పడుతుంది. దానికి తగినది వేగంగా తిరిగే పలుచని సానరాయి చక్రం ఒక్కటే. గుర్తు పెట్టిన చోట కాగితపు టేపు చుట్టి, కాడను వేళ్ళతో నెమ్మదిగా తిప్పుతూ కొయ్యాలి. పిదప కొసను సన్నని గరుకు కాగితంపై చదును చెయ్యాలి. ఆ నల్లని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కనుక ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు ఉండాలి, పని ఆరుబయట జరగాలి. పొడిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ఇంతవరకు ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమే.

కష్టమల్లా ఎంత కొయ్యాలన్న దగ్గరే. బాణం ముల్లుకు అలుగు అని, ఈకల కొసకు పింజ అని తెలుగులో చక్కని మాటలున్నాయి. పుంఖానుపుంఖాలన్న పలుకుబడి కూడా బాణం నుంచి వచ్చినదే. ‘స్పైన్’కు మాత్రం వాడుకలో మాట లేదు. నేను దానిని వంపు అంటాను. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాలపై కాడనుంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది అర అంగుళం వంగిందనుకోండి, దాని అంకె 500. పొట్టిగా కోసిన కొద్దీ కాడ బిగుసుకుంటుంది. బరువైన అలుగు తొడిగితే మెత్తబడినట్లు ప్రవర్తిస్తుంది.

పొట్టి బాణం తేలిక, వేగం ఎక్కువ, గురి నేరుగా పోతుందని వాదించేవారున్నారు. ఎదుగుదల ఆగిన క్రీడాకారుడి విషయంలో ఆ వాదనలో బలముంది. పిల్లల విషయంలో లేదు. పన్నెండేళ్ళ పిల్లవాడి చేతులు ఏడాదిలోనే సాగుతాయి. భంగిమ కుదిరిన కొద్దీ నారిని ఇంకాస్త వెనక్కు లాగగలుగుతాడు. నేటి లాగుడుకు సరిగ్గా కోసిన బాణం రేపు ఆనుడు నుంచి లోపలికి జారిపోతుంది. ఆ క్షణంలో నారి వదిలితే బాణం పోయేది లక్ష్యంలోకి కాదు, విల్లు పట్టిన చేతిలోకి. ఒక్క అంగుళం వేగం కోసం ఆ చెయ్యిని పందెం కాయవచ్చునా?

మరొక సంగతి. పిల్లల విళ్ళు తేలికైనవి. వాటికి దొరికే కార్బన్ కాడలు తరచు అవసరానికి మించి బిగువుగానే ఉంటాయి. నిడివి ఉంచితే ఆ బిగువు కొంత సడలుతుంది. అంటే క్షేమం కోరి ఉంచిన పొడవు చాలాసార్లు గురికి కూడా సాయపడుతుంది. పూర్తిగా లాగినప్పుడు ఆనుడు దాటి కనీసం రెండు అంగుళాలు మిగలాలన్నది నా పట్టు. పొడవెక్కువైతే ఆరు నెలల తరువాత మరో పావు అంగుళం తీయవచ్చు. పొట్టిదైతే చేయగలిగింది ఏమీ లేదు. కొత్తవి కొనుక్కోవడమే.

కాడలన్నిటినీ ఒకేసారి కొయ్యకండి. ఒకదానిని కోసి, వేసి చూసి, బాగుంటే మిగిలినవి. వేసే ముందు ప్రతిసారీ రెండు కొసలు పట్టుకుని మెల్లగా వంచి చెవి దగ్గర వినండి. చిటపటమన్న కాడను విరిచి పారెయ్యండి. దాని ఖరీదు ఎంతైనా సరే, చేతికి దిగిన కార్బన్ ముల్లును తీయించుకోవడం కంటె చవకే.

కొలత పిల్లవాడిది, కోత మనది. ఎదిగే పిల్లకు కుట్టించే పావడాలో అంచు లోపలికి మడిచి ఉంచే బుద్ధి మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. బాణం దగ్గరకు వచ్చేసరికి ఆ బుద్ధిని మరచిపోవద్దనే నా మనవి.