బరువు మిషన్ చెప్పేది సగమే

పేరంటంలోనో పెళ్ళిలోనో చాన్నాళ్ళకు కలిసిన చుట్టం మొదట అనే మాటేమిటి? "ఏంటే, బాగా ఒళ్ళు చేశావు!" అని. లేదంటే "ఇలా చిక్కిపోయావేంటమ్మా, అత్తారింట్లో తిండి పెట్టడం లేదా?" అని. ఆడవాళ్ళ బరువు మీద ఎవరైనా తీర్పు చెప్పేయొచ్చు. ఆ తీర్పులన్నీ కంటికి కనిపించే రూపం గురించే. లోపల గుండె ఎలా ఉంది, రక్తం సరిపోను ఉందా, ఎముకల్లో బలం ఉందా అన్న సంగతి వాటిలో ఉండదు.

డాక్టరు దగ్గరకు వెళితే ఎత్తు, బరువు చూసి చీటీ మీద ఒక అంకె రాస్తారు. అదే బి.ఎం.ఐ. అంటే బాడీ మాస్ ఇండెక్స్. చాలామంది ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకుంటారే గానీ ఆ అంకె ఏమిటని అడగరు. అడిగి తెలుసుకోవాల్సిన విషయమే అది.

లెక్క కష్టమేం కాదు. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. అయిదడుగుల ఒక అంగుళం ఎత్తున్న ఆమెను తీసుకుందాం. ఆమె ఎత్తు 1.55 మీటర్లు. బరువు 58 కిలోలైతే బి.ఎం.ఐ. దాదాపు 24 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ కొలమానం ప్రకారం 18.5 నుంచి 24.9 వరకు ఉంటే సరైన బరువే. మరి ఆమె నిశ్చింతగా ఉండొచ్చా? ఉండకూడదు. మన దేశంలో 2009లో నిపుణులు ఖరారు చేసిన ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అంటే ఆమె ఎత్తుకు దాదాపు 45 నుంచి 55 కిలోల మధ్య ఉంటే మంచిది.

మనకీ వేరే గీత ఎందుకు? దీనికి 2004లో వచ్చిన ఒక చిన్న ఉదాహరణ బాగా జవాబు చెబుతుంది. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఫొటో పక్కపక్కనే వేసి వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! చూడడానికి సన్నగానే ఉన్నా మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అందుకే షుగరు, గుండెజబ్బు మనకు తక్కువ బరువు దగ్గరే మొదలవుతాయి. "నేను సన్నగానే ఉన్నాగా, నాకు షుగరేంటి?" అని పరీక్ష చేయించుకోకుండా ఏళ్ళు గడిపేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అసలు ఈ లెక్క పుట్టుకే చిత్రమైనది. 1830లలో బెల్జియం గణితవేత్త క్వెట్లే దీన్ని కట్టింది ఒక్కొక్క మనిషి ఆరోగ్యం చూడడానికి కాదు, జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. ఆయన పరిశీలించిన వేలమందీ మగవాళ్ళే! కాన్పులు, మెనోపాజ్, నెలసరి తేడాలు ఉన్న మన ఒంటి సంగతంతా ఈ ఒక్క అంకె చెప్పేస్తుందనుకోవడం పొరపాటు. గర్భిణులకైతే ఈ లెక్క వర్తించదు. ఎదిగే పిల్లలకు వేరే పట్టికలున్నాయి.

అలాగని దాన్ని తీసిపారేయక్కర్లేదు. దానికి తోడుగా ఇంకో కొలత కావాలి. అదే నడుము చుట్టుకొలత. కొవ్వు తొడల దగ్గర చేరితే అంత ప్రమాదం లేదు. పొట్టలో, కాలేయం చుట్టూ పేరుకున్న కొవ్వే షుగరుకీ బి.పి.కీ దారి తీస్తుంది. మెనోపాజ్ తర్వాత కొవ్వు పొట్ట దగ్గరకే చేరడం ఎక్కువవుతుంది. మన ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు ముప్పయ్యొకటిన్నర అంగుళాలు దాటకూడదు. కొలత పరికిణీ బొందు దగ్గర కాదు సుమా! చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు పెట్టి, పొట్ట లోపలికి లాగకుండా, ఊపిరి వదిలాక చూసుకోవాలి. బరువొక్కటే చూసి ఊబకాయాన్ని తేల్చకూడదని, నడుము కొలత కూడా చూడాలని 2025లో అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా చెప్పింది.

బరువు అనగానే అందరికీ లావే గుర్తొస్తుంది. కానీ రెండోవైపు కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బి.ఎం.ఐ. 25, ఆపైన ఉన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అదే సర్వేలో 18.5 కన్నా తక్కువ ఉన్నవాళ్ళు ఆంధ్రలో దాదాపు 15 శాతం, తెలంగాణలో 19 శాతం దాకా ఉన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. మరీ తక్కువ బరువున్న తల్లికి బిడ్డ కూడా తక్కువ బరువుతో పుట్టే ప్రమాదముంది. ఎముకలు గుల్లబారడమూ ఇలాంటివాళ్ళలో ఎక్కువ. అయినా మన ఇళ్ళలో సన్నంగా ఉన్న అమ్మాయిని "నాజూగ్గా ఉంది" అని మెచ్చుకుంటాం. పెళ్ళిచూపులు దగ్గర పడుతున్నాయని రాత్రి అన్నం మానేసే పిల్లను ఆపేవాళ్ళుండరు. అలా పస్తులుంటే కండ కూడా తగ్గుతుంది, నెలసరి క్రమమూ తప్పొచ్చు.

ఒకే ఇంట్లో ఒకరు లావెక్కడానికీ ఇంకొకరు చిక్కిపోవడానికీ మూలం చాలాసార్లు ఒకటే. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు. పప్పూ కూరా అయిపోతాయి, అన్నం మిగులుతుంది. పిల్లలు కంచంలో వదిలేసింది పారేయలేక ఇంకో రెండు ముద్దలు. పొట్ట నిండుతుంది కానీ కండకు కావలసిన మాంసకృత్తులు అందవు. కాబట్టి అందరితోపాటే కూర్చుని తినండి. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర పెంచండి. ఇంటిచాకిరీ చేస్తున్నాం కదా, అదే వ్యాయామం అనుకోవద్దు. వారానికి 150 నిమిషాలు, అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవాలి. రెండు రోజులు కండలకు పని చెప్పే వ్యాయామం కూడా ఉండాలి.

బరువు ఎక్కువున్నవాళ్ళు నెలలో పది కిలోలు తగ్గాలని పంతం పట్టక్కర్లేదు. 70 కిలోలున్నామె నాలుగైదు కిలోలు తగ్గినా షుగరు, బి.పి. అదుపులోకి రావడానికి తోడ్పడుతుంది. పి.సి.ఓ.డి. ఉన్న అమ్మాయిల్లో నెలసరి కుదుటపడే అవకాశముంది. తిండిలో మార్పేమీ లేకుండా బరువు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా థైరాయిడ్, షుగరు పరీక్షలు తప్పక చేయించుకోవాలి. ముప్పయ్యేళ్ళు దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బి.పి., షుగరు ఉచితంగానే చూస్తారు.

ఇక నలుగురిలో "ఒళ్ళు చేశావే" అనే పలకరింపు మానేద్దాం. దానివల్ల ఎవరి బరువూ తగ్గలేదు, సిగ్గుపడి డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానేసినవాళ్ళు మాత్రం ఉన్నారు. దాని బదులు ఈ ఆదివారం ఇంట్లో ఆడవాళ్ళందరూ, అత్తగారితో సహా, ఎత్తు, బరువు, నడుము కొలుచుకోండి. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే ఓ మూల ఆ మూడు అంకెలూ రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్ళీ కొలిచి పక్కనే రాయండి. డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సివస్తే ఆ అంకెలు వెంట తీసుకెళ్ళండి.