పుల్లలు పెట్టకండి బాబూ!

"మాగ్నెట్లు పనిచెయ్యవండీ. పీకేద్దాం. వెదురుపుల్ల చాలు."

పోయిన నెల ఇక్కడ అమెరికాలో మా మోడల్ రైళ్ల గుంపు చేసిన తీర్మానం ఇది. చేతులెత్తారు, లెక్కెట్టారు, ఐదు నిమిషాల్లో తేల్చేశారు. కాదన్నవాళ్లం ఇద్దరమే. ఒకణ్ణి నేను, రెండోది మా పెద్దాయన. ఆయన సంగతి చివర్లో చెప్తాను. అసలు నా గొడవంతా ఆయన గురించే.

ఈ ఆట తెలీనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. హెచ్‌వో స్కేలంటే అసలు రైలులో 87వ వంతు. రైలుని గుండ్రంగా తిప్పుతూ చూడ్డం మొదటి నెల సరదా. ఆ తర్వాత అసలు మజా అంతా షంటింగ్‌లోనే. ఈ వ్యాగన్ మిల్లు దగ్గర వదలాలి, ఆ ఖాళీ వ్యాగన్ లాక్కురావాలి, మెయిన్ లైనుకి అడ్డం రాకూడదు. మన జాబ్ షెడ్యూలింగ్ లాంటిదే, కాకపోతే మేనేజర్ ఉండడు :)

వ్యాగన్లు తగిలించడం తేలిక, గుద్దితే తగులుకుంటాయి. విడదియ్యడమే తంటా. దానికి పరిష్కారం చూపించింది కేడీ. కంగారు పడకండి, మన పోలీస్ స్టేషన్ కేడీ కాదు. ఆరెగాన్‌కి చెందిన కీత్, డేల్ ఎడ్వర్డ్స్ అనే కవలల పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. వాళ్ల కప్లర్ కింద సన్నటి ఉక్కు తీగ వంకర తిరిగి వేలాడుతుంది. చూడ్డానికి బ్రేకు గొట్టంలా ఉంటుంది గానీ, దాని అసలు పని వేరు. పట్టాల మధ్య పెట్టిన అయస్కాంతం మీదికి రాగానే ఎదురెదురు కప్లర్ల తీగలు రెండూ చెరో పట్టా వైపుకి లాగబడతాయి, పిడికిళ్లు విడిపోతాయి. రైలు బిగుతుగా లాగుతున్నప్పుడు మాత్రం రాపిడి వల్ల విడిపోవు. సరిగ్గా అయస్కాంతం మీద ఆపి, ఒక్క వెంట్రుకవాసి వెనక్కొచ్చి వదులిస్తేనే విడిపోతాయి. అక్కణ్ణించి వ్యాగన్‌ని మెల్లిగా నెట్టుకుంటూ పోయి, సైడింగ్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ వదిలేసి రావచ్చు. చెయ్యి తగలక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు. ఒక్క లైను కోడ్ అక్కర్లేదు. ఇంత ముచ్చటైన యంత్రాన్ని పట్టుకుని "పనిచెయ్యదు" అంటారా?

సరే, వాళ్ల ఆరోపణలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: "ఒకసారి విడిపోతాయి, ఇంకోసారి విడిపోవు." నిజమే. ఎందుకని? కప్లర్ ఎత్తు చూసుకోడానికి గేజ్ అనే చిన్న ఇనుప దిమ్మ దొరుకుతుంది. పట్టాల మీద పెట్టి, వ్యాగన్‌ని ఆనించి చూడ్డమే పని. కప్లర్ మధ్యభాగం పట్టా మీంచి అంగుళంలో 64 భాగాలకి 25 భాగాల ఎత్తులో ఉండాలి. తీగ కొస పట్టా కంటే అంగుళంలో 32వ వంతు పైన ఉండాలి, అంటే మిల్లీమీటరు కూడా కాదు. పైకుంటే అయస్కాంతానికి అందదు. కిందకుంటే పాయింట్ల దగ్గర తగులుకుని వ్యాగనే పడిపోతుంది. తీర్మానం అయ్యాక నా వ్యాగన్లన్నీ గేజ్ మీద పెట్టి చూశాను. సగానికి సగం తప్పు! నావే, వేరేవాళ్లవి కాదు. ఇన్నాళ్లూ నేను కూడా అయస్కాంతాన్నే తిట్టుకున్నాను. టెస్ట్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లోకి తోసేసి, పడిపోతే సర్వర్‌ని తిట్టే బాపతు మనం.

పైగా కప్లర్ గట్టిపడిందని నూనె చుక్కేస్తారు. నూనెకి దుమ్ము పడుతుంది, ఇంకా గట్టిపడుతుంది. వెయ్యాల్సింది గ్రాఫైట్ పొడి.

రెండోది: "వ్యాగన్ దానంతటదే కదిలిపోతోంది." ఇరుసులు ఉక్కువైతే కదలక ఏం చేస్తుంది? అయస్కాంతం తీగనే కాదు, ఇరుసుని కూడా లాగుతుంది. మనం జాగ్రత్తగా వదులిచ్చేలోపే వ్యాగన్ ముందుకి జరిగి ఆ వదులు కాస్తా పోతుంది. ఇత్తడి ఇరుసులు వేసుకోండి. లేదా ఒక ఇరుసుకి చిన్న స్పాంజి ముక్క రాసుకునేలా పెట్టండి, ఆ రాపిడి చాలు. మహా అయితే వ్యాగన్‌కి పది నిమిషాల పని.

మూడోది: "మెయిన్ లైను మీద పోతూ పోతూ రైలు రెండు ముక్కలవుతోంది." ఇది మాత్రం పచ్చి నిజం, దీని మీద నాక్కూడా కోపమే. కానీ మెయిన్ లైను మీద శాశ్వత అయస్కాంతం పాతమని ఎవరు చెప్పారు? అది గ్లోబల్ వేరియబుల్ లాంటిది. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మీకు కావాలా వద్దా అని అడగదు. రైలు అక్కడ కాస్త నెమ్మదించి కప్లర్లు వదులైతే చాలు, విడగొట్టేస్తుంది. శాశ్వత అయస్కాంతం స్థానం సైడింగ్‌లో, యార్డు మొదట్లో. మెయిన్ లైను మీద పెట్టాల్సింది విద్యుదయస్కాంతం, బటన్ నొక్కినంతసేపే పనిచేస్తుంది. అదీ క్షణం సేపే నొక్కాలి, పట్టుకు కూర్చుంటే కాయిల్ వేడెక్కుతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే మామూలు అయస్కాంతాన్నే పట్టాల కింద మడతబందు మీద పెట్టి, అక్కర్లేనప్పుడు కిందికి దించేసేవాళ్లున్నారు.

చోటు విషయంలో ఇంకో మాట. వంపులో పెట్టకండి, తీగలు పక్కకి జరిగిపోయి ఉంటాయి. రెండు వైపులా కనీసం ఒక్కో వ్యాగన్ పొడుగు తిన్నటి లైను ఉండాలి. స్లీపర్ల కింద దాచే రకమైతే పెద్ద అయస్కాంతం కావాలి, దూరం పెరుగుతుంది కదా. కంకర పొయ్యక ముందే పెట్టాలి, పోసే ముందే పరీక్షించాలి. దాచాక పక్కన ఓ గుర్తు ఉండాలి, స్లీపర్‌కి వేరే రంగో, చిన్న స్తంభమో. మేం ఆ గుర్తులు పెట్టలేదు. డాక్యుమెంటేషన్ రాయని పాపం ఇక్కడా వెంటాడింది. ఎక్కడుందో తెలీనిదాని మీద రైలు ఆపమంటే ఎవడాపగలడు?

ఇక నాలుగోది, అందరూ బ్రహ్మాస్త్రం అనుకునేది: "అసలు రైల్వేలో మనిషే వెళ్లి విడదీస్తాడు. కాబట్టి పుల్లే వాస్తవికం."

అయ్యా, చరిత్ర కాస్త చూడండి. ఒకప్పుడు అమెరికాలో లింకూ పిన్నూ పద్ధతి ఉండేది. బ్రేక్‌మన్ రెండు వ్యాగన్ల మధ్యలోకి దూరి చేత్తో పిన్ను పెట్టాలి, చేత్తోనే తియ్యాలి. ఎంతమంది వేళ్లు పోయాయో, ఎంతమంది ప్రాణాలే పోయాయో! ఈలై జానీ 1873లో పిడికిలి ఆకారపు కప్లర్‌కి పేటెంటు తీసుకున్నాడు. అయినా రైల్వే కంపెనీలు ఖర్చని నసిగాయి. లొరెంజో కాఫిన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 1893లో సేఫ్టీ అప్లయన్స్ చట్టం వచ్చింది. దాని సారాంశం ఒక్కటే: విడదియ్యడానికి మనిషి వ్యాగన్ల మధ్యకి దూరే అవసరం ఉండకూడదు. మన బుల్లి కప్లర్ ఆ జానీ కప్లర్‌కి నకలే. అంటే చెయ్యి మధ్యలో పెట్టకుండా ఉండటానికి పుట్టిన వస్తువుకి నకలు పెట్టుకుని, దాని మధ్యలో పుల్ల దూర్చడం వాస్తవికమా?

ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్కోసారి రెండోసారి ప్రయత్నించాలి. ఆ ముందుకీ వెనక్కీ ఊగడం అసలు రైల్లో ఉండదు. పుల్లకి ఖర్చు లేదు, అది ఎక్కడైనా పనిచేస్తుంది. మీ ఇంట్లో మీ లేఅవుట్ మీద పుల్ల వాడుకుంటే నాకేం అభ్యంతరం? సుబ్బరంగా వాడుకోండి.

కానీ ఇది పదిమందిది. ఇప్పుడు పెద్దాయన సంగతి.

ఆయన రిటైరైన పోస్ట్‌మన్. డెబ్భై దాటాయి, చేతులకి వణుకు. మా గుంపులో యార్డు నడపడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఏ వ్యాగన్ ఎటు పోవాలో ఆరు ఎత్తులు ముందే చూస్తాడు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, గుండీ మెల్లిగా తిప్పుతూ, కుర్చీలోంచి లేవకుండా రైలంతా సర్దేసేవాడు. మాగ్నెట్ల పుణ్యమా అని ఆ వణుకు లైను మీద కనపడేది కాదు. పుల్ల ఇచ్చి అర అంగుళం సందులో దూర్చి తిప్పమంటే? మొన్న ప్రయత్నించాడు. మూడు వ్యాగన్లు పడిపోయాయి, పక్కనున్న సిగ్నల్ విరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే నవ్వి, "నేను చూస్తూ కూర్చుంటాలే" అన్నాడు.

ఆ మాట నాకు మింగుడు పడలేదు.

"పుల్ల చాలా ఈజీ" అన్నవాళ్లందరికీ కళ్లు బావున్నాయి, చేతులు బావున్నాయి. మౌస్ పట్టుకోగలిగినవాడు "కీబోర్డ్ షార్ట్‌కట్లు దండగ, తీసేద్దాం" అన్నట్టుంది. మన ఆఫీసుల్లో ఇలాంటి ఫీచర్లు ఎన్ని పీకేశామో గుర్తు తెచ్చుకోండి. ఎవరు వాడుతున్నారని అడగం. వాడేవాడు గొంతు చించుకోడు, మెల్లిగా తప్పుకుంటాడు. అతను వెళ్లిపోయాక "చూశారా, ఒక్క కంప్లైంటు కూడా రాలేదు" అని మనం చంకలు గుద్దుకుంటాం.

నేనడిగేది పెద్దదేం కాదు. పీకేముందు నాకు రెండు శనివారాలివ్వండి. ప్రతి వ్యాగన్ గేజ్ మీద పెడదాం. తీగలు సరిచేద్దాం, ఉక్కు ఇరుసులు మారుద్దాం. మెయిన్ లైను మీదవి మాత్రం తీసేద్దాం, సైడింగుల్లోవి గుర్తులు పెట్టి ఉంచుదాం. అప్పటికీ పనిచెయ్యకపోతే నేనే పీకేస్తాను, పీకడం ఎంతసేపు?

ఈలోపు మాత్రం పుల్లలు పెట్టకండి బాబూ.