తండ్రి దూరమున ఉన్న బిడ్డకు



మా ధర్మపురి ప్రాంతములో గోదావరి ఒడ్డున ఏ పల్లెకు వెళ్లినను, ఇంటి యజమాని గల్ఫ్‌కు పోయిన ఇల్లు కనిపించును. కొందరు దుబాయిలో, కొందరు సౌదీలో, కొందరు మస్కట్‌లో ఉన్నారు. తండ్రి రెండు మూడేండ్లకొకసారి సెలవు మీద వచ్చును. తల్లి ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, పొద్దుపోయేవరకు బీడీలు చుట్టుచుండును. వారిని మేము తప్పు పట్టుట లేదు. అప్పు తీర్చుటకును, బిడ్డల చదువుకును వారు పడు కష్టము దేవుడు ఎరుగును.

అయితే ఆ ఇంటి పదమూడేండ్ల బాలుడు తన సంగతి ఎవరితో చెప్పుకొనును? "మంచిగ చదువుతున్నవా బిడ్డా?" అని తండ్రి ఫోనులో అడుగును. "ఆఁ బాపూ" అని వాడు అనును. లెక్కలు అర్థము కాకపోవుట, బడి ఎగ్గొట్టుచున్న స్నేహితులు, లోపలి భయము, ఇవన్నియు ఆ ఒక్క మాటలో పట్టవు.

తిమోతిని జ్ఞాపకము చేసికొనుడి. అతని తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చెప్పుచున్నదే గాని, అతని విశ్వాసమును గూర్చి ఏమియు చెప్పలేదు. అవ్వ లోయి, తల్లి యునీకే అతనికి విశ్వాసపు పునాది వేసిరి. పౌలు వచ్చి వారి స్థానము తీసికొనలేదు, వారికి తోడైనాడు. తనతో ప్రయాణము చేయించెను, పని అప్పగించెను, ఉత్తరములు వ్రాసెను. ఆ యౌవనుని కడుపు జబ్బును కూడ పట్టించుకొనెను (1 తిమోతి 5:23). ప్రేమ అంత చిన్న సంగతులను చూచును.

1904వ సంవత్సరములో న్యూయార్క్ నగరమందు బాలల న్యాయస్థానములో గుమాస్తాగా ఉన్న ఎర్నెస్ట్ కౌల్టర్, తప్పు చేసి పట్టుబడిన పిల్లలను రోజూ చూచి, ఒక సంఘములోని పురుషుల కూటములో వారి సంగతి చెప్పెను. సుమారు 40 మంది లేచి, ఒక్కొక్కరు ఒక్కొక్క బాలునికి అన్నవలె ఉండుటకు ఒప్పుకొనిరి. అదియే 'బిగ్ బ్రదర్స్' అను ఉద్యమమునకు ఆరంభము. వారినుండి కోరబడినది ముఖ్యముగా డబ్బు కాదు, సమయము.

మన సంఘములలో కూడ ఇది సాధ్యమే. డబ్బుకు కొన్ని దారులున్నవి. అర్హులైన బిడ్డలకు వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు కలదు. కాని ఆదివారము సాయంత్రము ఒక గంట కూర్చుండి, "ఈ వారము బడిలో ఏమైంది?" అని అడుగువారిని ఏ పథకమును పంపలేదు. గురుకులములో ఐదవ తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెనో, పదవ తరగతి తరువాత బాసర ట్రిపుల్ ఐటీకి, పాలిటెక్నిక్‌కు ఎట్లు పోవలెనో చెప్పు పెద్ద ఒకరున్న యెడల, ఆ బిడ్డ దారి మారవచ్చును.

అయితే కొన్ని హద్దులు తప్పక పాటింపవలెను. తల్లి ఇష్టపడవలెను, దూరమున ఉన్న తండ్రికి కూడ తెలియవలెను. బాలునికి పురుషుడు, బాలికకు స్త్రీ తోడుండుట మంచిది. ఇంటి అరుగు మీదనో, తలుపులు తెరచిన గుడిలోనో, నలుగురు చూచుచోట కలిసికొనుడి. రహస్యములు వద్దు. బిడ్డను ఎవరైన హింసించుచున్నారని తెలిసిన యెడల దాచక, వెంటనే 1098కు ఫోను చేయుడి. పొరుగు బిడ్డ అన్య మతస్థుడైనను తోడుండుడి, కాని ఆ స్నేహమును ఎరగా చేయకుడి.

మరి యొక మాట. కనీసము ఒక సంవత్సరము నిలువలేని వారు దీనిని మొదలుపెట్టవద్దు. సెలవు ముగిసిన ప్రతిసారి తండ్రి బ్యాగు సర్దుకొని వెళ్లుట ఆ బిడ్డ చూచియున్నాడు. రెండు నెలలు వచ్చి మీరును మానివేసిన యెడల, పెద్దలెవ్వరును నిలువరని వాడు నేర్చుకొనును. చాకొలెట్లు తేకపోయినను పరవాలేదు, చెప్పిన వారమున రండి.

సంఘ పెద్దలారా, ఈ నెల కూర్చుండి మీ ఊరిలో అట్టి బిడ్డలెందరో పేరు పేరున లెక్కింపుడి. ఒక్కొక్క పేరు ఎదుట ఒక పెద్ద పేరు వ్రాయుడి. తండ్రిలేనివారికి తండ్రియైన దేవుడు, ఆ పనికి మన చేతులను వాడుకొనును గాక. ఆమేన్.