మోటారుకారు కడుగుట ఎవరి పని?

వసంతఋతువు ప్రవేశించినది. మామిడి పూచి పిందె పట్టినది. వేప పాత యాకును రాల్చి లేతయాకు తొడిగినది. ఉగాదికి ముందు ఇల్లు దులిపి, గోడలకు సున్నము వేసి, గడపలకు పసుపు పూయుట మన తెలుగు గృహములలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. క్రైస్తవ గృహములలో ఈస్టరు పండుగకు ముందును ఇట్టి శుభ్రత జరుగుచునే యున్నది. అయినను వాకిట నిలిచియున్న మోటారుకారు సంగతి ఆ దినములలో ఎవరికిని తోచదు. దసరానాడు ఆయుధపూజ పేరిట దానిని కడిగి బంతిపూల దండ వేయుదురు. తక్కిన సంవత్సరమంతయు అది కూలివాని తడిగుడ్డకు విడువబడును. ఇది సరికాదనియు, వసంతారంభమున ఒక్కమాఱైనను కారును ఇంటివారే స్వహస్తములతో కడిగి, మెఱుగుపెట్టి, మైనము పూయవలెననియు మా యభిప్రాయము.

పాఠశాల సంచికలో కారుమాట యేల యని కొందఱు నవ్వవచ్చును. ఒకప్పుడు కారనగా జమీందారులకును, పెద్ద యుద్యోగులకును మాత్రమే యుండెడి వస్తువు. నేడట్లు గాదు. మా విద్యార్థుల యిండ్లలోనే అనేకులకు కారు గలదు. లేనివారిలో అనేకులకు రేపు కలుగును. అంతియే గాక ఈ చిన్న పనిలో రసాయనశాస్త్రము కలదు, నీటిలెక్క కలదు, అన్నిటికంటె మిన్నగా తోటి మనుష్యునియెడ మన నడవడి కలదు. కావున దీనిని గూర్చి వ్రాయుటకు మేము సంకోచింపము.

వసంతముననే యేల కడుగవలెనని యడుగుదురేని, కారణములు స్పష్టములు. మన ప్రాంతమున కార్లు తఱచుగా చెట్టునీడను నిలుపబడును. మామిడి పూతకాలమున తేనెమంచు పురుగులు పూగుత్తుల రసమును పీల్చి, తియ్యని జిగట ద్రవమును విడుచును. అది సన్నని తుంపరవలె ఆకులపైనను, క్రిందనున్న వస్తువులపైనను పడును. దానిపై దుమ్ము అంటుకొనును. కొన్నాళ్లకు నల్లని మసివంటి బూజు పెరుగును. ఇక పక్షుల రెట్టలలో యూరికామ్లము గలదు. ఎండలో కాగిన రంగుపై అది నిలిచినచో పొరను తినివేసి, ఎంత తుడిచినను పోని మచ్చను మిగుల్చును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరపట్టణములలో ఉప్పుగాలి దీనికి తోడై, రంగు లేచిన ప్రతి చోటను త్రుప్పును పుట్టించును. శీతకాలపు మంచుతో తడిసిన దుమ్ము పొరలుపొరలుగా పేరుకొనియుండగా, దానిపై గ్రీష్మపుటెండ కాయనున్నది. ఈ రెంటికి నడుమనున్న వసంతమే కడుగుటకు తగిన కాలము.

కారు రంగును మనము గట్టి వస్తువని తలంతుము. నిజమునకు అది మిక్కిలి పలుచనిది. నేటి కార్లలో అనేకములకు రంగుపై కనబడని పారదర్శకమైన పొర యొకటి యుండును. దాని మందము సాధారణముగా 35 మొదలు 50 మైక్రాన్ల వఱకు మాత్రమే. మనిషి తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. అనగా ఎండకును వానకును మన కారును కాపాడుచున్న కవచము ఒక వెండ్రుకపాటి మందమైనను లేదన్నమాట. ఇసుకరేణువు చిక్కిన గుడ్డతో దానిని రుద్దినచో ఏమగునో చెప్పనక్కఱలేదు.

ఈ సందర్భమున మా యింట జరిగిన యొక తప్పును దాచక చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట ఒక చైత్రమాసమున, మామిడిచెట్టు క్రింద జిగటపట్టిన మా పాత కారును మేమే కడుగబూనితిమి. మిట్టమధ్యాహ్నము, ఎండ మండుచున్నది. బట్టలుతుకు సబ్బుపొడిని బాల్చీలో కలిపి, గిన్నెలు తోము కొబ్బరిపీచుతో చేయి నొప్పిపెట్టునంతవఱకు తోమితిమి. సబ్బునీరు ఎక్కడికక్కడ ఎండిపోయి తెల్లని చారలు కట్టెను. అవి పోవుటకై అంగడినుండి మెఱుగుముద్ద తెచ్చి, ఒక్క పక్షములో మూడుసార్లు రుద్దితిమి. ముందుమూత అంచున పైపొర అఱిగిపోయి, లోపలి బూడిదరంగు పూత బయటపడెను. కారంతట సాలెగూటి దారములవలె గుండ్రని గీతలు తేలెను.

మా తప్పు అంతటితో ముగియలేదు. మా వీధిలో తెల్లవారుజామున కార్లు తుడిచెడి పిల్లవాడొకడు ఉండెను. వాడు నెలజీతము కొఱకు వచ్చినప్పుడు, ఈ గీతలు నీవే పెట్టితివని గద్దించి, జీతములో కొంత తగ్గించితిమి. వాడు మాఱుపలుకక పోయెను. రెండు దినముల పిమ్మట మా యింటి పెద్దమ్మగారు, “ఆ పదునైదు దినములును వాడు చెల్లెలి పెండ్లికి ఊరికి పోయియుండెను గదా, గీతలెట్లు పెట్టును?” అనిరి. మాకు తల వాలిపోయెను. తగ్గించిన సొమ్ము ఇచ్చివేసి, తప్పు మాదేయని వానితో చెప్పితిమి. అప్పుడు వానిని పనినిగూర్చి ప్రశ్నింపగా, ఒక్క బాల్చీ నీటితో ఎనిమిది కార్లు తుడుచుచున్నట్లు తెలిసెను. మొదటి కారు దుమ్మే ఎనిమిదవ కారును గీయుచుండెను. ఏల యిట్లు చేయుదువనగా, “ఎవ్వరును నీళ్లీయరండీ” అని వాడు చెప్పెను. ఆ యెవ్వరిలో మేమును ఉంటిమి. స్వయముగా కడుగుట నేర్చినవాడే ఇతరుని పనిలోని కష్టమును ఎఱుగునని మేము ఆనాడు గ్రహించితిమి.

ఇక కడుగు విధానము. ఉదయముననో, సాయంకాలముననో, కారు చల్లబడిన పిమ్మట నీడను నిలుపవలెను. రెండు బాల్చీలు కావలెను. ఒకటి సబ్బునీటికి, రెండవది గుడ్డను జాడించుటకు. ఈ రెండవ బాల్చీయే పనికంతటికి ప్రాణము. సబ్బు కార్లకొఱకు చేసినదై యుండుట మేలు. బట్టలసబ్బులలోని క్షారము పూర్వము పూసిన మైనమును ఊడ్చివేయును. చేతి ఉంగరములను, గడియారమును తీసివేయవలెను. మొదట చెంబుతో నీరు పోసి దుమ్మును నాననిచ్చి జాఱవిడువవలెను. పిమ్మట మెత్తని గుడ్డతో కప్పునుండి క్రిందికి, గుండ్రముగా గాక నిలువుగా, అదుమక తుడువవలెను. ఎండిన రెట్టను గోటితో గీకరాదు. తడిగుడ్డ కొంతసేపు కప్పియుంచినచో అదియే మెత్తబడును. చక్రములను చివరను వేఱుగుడ్డతో కడుగవలెను. ఏలయన ఇసుకయు, ఆపుడుబిళ్లల లోహపుపొడియు అక్కడనే మిక్కుటముగా నుండును. తడియాఱకమునుపే పొడిగుడ్డతో ఒత్తవలెను. మన బావులలోనిది అనేకచోట్ల కఠినజలము. అది తానై ఆఱినచో కాల్షియము, మెగ్నీషియము లవణములు తెల్లని చుక్కలుగా నిలిచిపోవును.

ఇట్లు కడుగునప్పుడే కారును నిజముగా చూచుట జరుగును. అద్దము మొదట చేరిన వేపాకులు నీటిదారులను మూసినవో లేదో, తలుపుల అడుగు రంధ్రములు తెఱచియున్నవో లేదో, టైరు ప్రక్కను చీలిక గలదో, ఎక్కడ త్రుప్పు మొదలైనదో, అన్నియు చేతికి తెలియును. వేలకొలది రూపాయల మరమ్మతు చిన్న చుక్కగా నున్నప్పుడే పట్టుబడును. పని ముగిసిన వెంటనే కొంతదూరము మెల్లగా నడిపి, ఆపుడుకట్టలను ఒకటి రెండుసార్లు నొక్కి తడియాఱ్చుట మఱువరాదు.

మెఱుగుపెట్టుటకును మైనము పూయుటకును గల భేదమును అనేకులు ఎఱుగరు. మెఱుగుముద్దలో సన్నని రాపిడిపొడి యుండును. అది గీతలను పూడ్చదు. గీత చుట్టునున్న పొరను కొంచెము అఱగదీసి సమము చేయును. కావున అది నిజముగా అవసరమైనచోటనే, అరుదుగా వాడదగినది. మెఱయుటే పరమార్థమని ప్రతినెలయు రుద్దువాడు తన కవచమును తానే కోసికొనువాడు. మైనము అట్టిది కాదు. అది పైన నిలిచి, నీటిని బిందువులుగా జాఱ్చి, మాలిన్యమును తనపై పడనిచ్చి, కొన్ని వారములకు తాను అఱిగిపోవును.

కారు మైనములలో ప్రసిద్ధమైన కార్నౌబా మైనము బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమునందలి యొక తాళజాతి వృక్షపు ఆకులనుండి వచ్చును. అది మన తాటిచెట్టుతో ఒకే కుటుంబమునకు చెందినది. అక్కడి మండుటెండలో ఆకులోని నీరు ఆవిరియై పోకుండుటకు ఆ చెట్టు తన యాకుపై తానే మైనము పూసికొనును. తేనెమైనము 62 మొదలు 64 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగగా, ఇది 80 డిగ్రీలు దాటినగాని కరగదు. ఎండదేశపు చెట్టు కనిపెట్టిన యుపాయము ఎండదేశపు కారుకు తగియుండుటలో వింతయేమి? దీనిని పలుచగా పూసి, మసకబాఱిన పిమ్మట మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. మందముగా పూయుట వలన లాభము లేదు, తుడుచుట కష్టము.

మా మాటకు ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది నీటిని గూర్చినది. ఇది మిక్కిలి న్యాయమైనది. గ్రామములలో ప్రతి మనుష్యునకు దినమునకు 55 లీటర్ల నీరందవలెనని 2019 లో ఆరంభింపబడిన జలజీవన్ మిషను లక్ష్యముగా పెట్టుకొనినది. నిమిషమునకు 10 లీటర్లు పోయు గొట్టమును అరగంట విడిచినచో 300 లీటర్లు పాఱును. అది ఐదుగురు గ్రామస్థుల ఒకనాటి భాగమునకు మించినది! 2024 మార్చి నెలలో బెంగుళూరున నీటికఱవు కలిగినప్పుడు, అక్కడి జలమండలి త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి, మీఱినవారికి 5,000 రూపాయల జుల్మానా విధించినది. ఆ నగరమున మన తెలుగువారు లక్షలకొలది గలరు. వారందఱును ఆ కఱవును చవిచూచిరి. కావున గొట్టమును మేము పూర్తిగా వలదందుము. చెంబుతోను బాల్చీలతోను కడిగినచో 50, 60 లీటర్లకు మించి పట్టదు. కఱవు దినములలో అదియును మానవలెను; రెట్టలను, జిగటను మాత్రము తడిగుడ్డతో తీసిన చాలును. మైనము పూసిన కారుకు మాలిన్యము తక్కువగా అంటును గనుక, ఒకనాటి శ్రమ తరువాతి నెలల నీటిని మిగుల్చును. మఱియు సబ్బునీటిని వీధికాలువలోనికి విడువరాదు. అది చెఱువు చేరి, అందలి ఫాస్ఫేటులు గుఱ్ఱపుడెక్కకు ఎరువగును.

రెండవ ఆక్షేపణ: ఇది పైమెఱుగు వ్యామోహమే గదా, పైన పటారము లోన లొటారము కాదా యని. చమురు మార్చక, టైర్లు చూడక, పైన మాత్రమే మెఱయించువానికి ఈ మాట తగును. పైపొరను కాపాడుట లోని లోహమును కాపాడుటయే యని ఎఱిగినవానికి ఇది తగదు.

మూడవది: డబ్బిచ్చిన చేయువారుండగా మనకేల యని. నీటిని శుద్ధిచేసి మరల వాడు కడుగుశాలలకు పోవుటను మేము కాదనము. తెల్లవారుజామున వచ్చు పిల్లవాని జీవనమును చెఱుపుమనియు చెప్పము. వానిని పనిలో నుంచుడు. కాని రెండు బాల్చీల నీరును, శుభ్రమైన గుడ్డలును, న్యాయమైన జీతమును ఇండు. సంవత్సరమునకు ఒక్కనాడైనను ఆ గుడ్డను మీరు పట్టి చూడుడు. చదువుకొన్నవానికి చేతిపని చిన్నతనమను భావము మన దేశమును పట్టిన పాత రోగము. గణితమున నూటికి నూఱు మార్కులు తెచ్చుకొని, తాను కూర్చుండు బండి దుమ్మును తాను తుడువ సిగ్గుపడువాని విద్య సంపూర్ణము కాదు. శిష్యుల పాదములను కడిగిన గురువు కథను మన ప్రార్థనాలయమున ఏటేట వినుచున్నాము. ఆ కథ విని, వాకిట బాల్చీ ముట్టుటకు వెనుదీయుట తగునా?

ఈ సంచిక మీ చేతికందు వేళకు పరీక్షలు ముగియవచ్చి యుండును. విద్యార్థి మిత్రులారా! సెలవుల మొదటి యుదయమున తండ్రిగారిని లేపి, నీడకు కారు త్రిప్పుమని యడుగుడు. కారు లేని యింటివారు సైకిలును తీయుడు, విధి యొక్కటే. పూర్వవిద్యార్థులారా! మీ పిల్లల చేతికి రెండవ బాల్చీనిండు. ఆ సమయమున ఆ తుడిచెడి పిల్లవాడు వీధిలో కనబడినచో, వానిని పిలిచి ఒక గ్లాసు మజ్జిగ యిచ్చి, వానికి నీళ్లెక్కడనుండి వచ్చుచున్నవో యడుగుడు. మేము ఆలస్యముగా అడిగిన ప్రశ్నను మీరైనను ముందుగా అడుగుదురని మా యాశ.