నిమెసులైడ్: డోసు తగ్గించారు, మరి కౌంటర్ సంగతి?

నొప్పికి, జ్వరానికి వాడే నిమెసులైడ్‌పై కేంద్రం 2025 డిసెంబర్ చివర్లో మరో ఆంక్ష పెట్టింది. నోటి ద్వారా తీసుకునే, వెంటనే పనిచేసే రకాల్లో 100 మిల్లీగ్రాములు దాటిన వాటి తయారీ, అమ్మకాలను నిషేధించింది. అంతకంటే సురక్షితమైన మందులు అందుబాటులో ఉన్నాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

ఈ మందుతో కాలేయానికి ముప్పు ఉందన్న హెచ్చరిక కొత్తది కాదు. 2002లో ఫిన్లాండ్, స్పెయిన్, 2007లో ఐర్లాండ్ దీని అమ్మకాలను ఆపేశాయి. అమెరికాలో ఇది అసలు మార్కెట్‌లోకే రాలేదు. భారత్ 2011లో 12 ఏళ్లలోపు పిల్లలకు వాడొద్దంది. రాబందులకు ప్రాణాంతకం కావడంతో 2024 డిసెంబర్‌లో పశువైద్యంలోనూ నిషేధించింది.

అయితే తాజా ఆంక్ష మాత్ర బలాన్ని తగ్గించింది తప్ప, మందుల షాపులో అమ్మే తీరును ముట్టుకోలేదు. 100 మిల్లీగ్రాముల మాత్రలు రెండు ఒకేసారి మింగితే నిషేధిత డోసు మళ్లీ కడుపులోకి చేరినట్టే.

సూరత్ లాంటి నగరంలో ఈ లోపం ఎందుకు ముఖ్యమో తేలిగ్గానే అర్థమవుతుంది. అక్కడి పవర్‌లూమ్‌లలో ఒడిశా కార్మికులతో పాటు తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలూ పనిచేస్తున్నారు. పన్నెండు గంటల షిఫ్టు, నిలబడే పని, నేసిన మీటర్లను బట్టి కూలి. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ పూట కూలి పోతుంది. మాత్రకు అయ్యేది కొద్ది రూపాయలే. నడుం నొప్పికి రోజూ మాత్ర వేసుకునే వారికి కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి మందగించడం ప్రమాద సంకేతాలని ఎవరు చెప్పాలి?

నిమెసులైడ్ షెడ్యూల్ హెచ్ మందు. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదు. ఆ నిబంధన దేశమంతటా ఎలా అమలవుతోందో అందరికీ తెలిసిందే. ట్రమడాల్ ఉన్న షెడ్యూల్ హెచ్1లోకి దీన్ని మారిస్తే, రాసిన డాక్టర్, కొన్న రోగి వివరాలను షాపు రిజిస్టర్‌లో నమోదు చేసి మూడేళ్లు ఉంచాల్సి వస్తుంది. తనిఖీకి కనీసం ఒక ఆధారం దొరుకుతుంది.

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. పిల్లలకు పాఠం తెలుగులో చెప్పగలిగిన చోట, పెద్దలకు ఈ హెచ్చరికను తెలుగులో, ఒడియాలో చెప్పడం అసాధ్యమేమీ కాదు.